సంత చివర బేరం: ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్‌లకు కుర్రాళ్లను ఎలా ఎంచాలి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఏటా జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకుంటాయి. అదే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్. 2003 డ్రాఫ్ట్‌లో న్యూజెర్సీ నెట్స్ తన 51వ పిక్‌తో క్రైటన్ యూనివర్సిటీ కుర్రాడు కైల్ కోర్వర్‌ని తీసుకుంది. తీసుకున్న వెంటనే 1,25,000 డాలర్లకి ఫిలడెల్ఫియాకి అమ్మేసింది. ఆ డబ్బు సమ్మర్ లీగ్ (కొత్త కుర్రాళ్లు ఆడే వేసవి పోటీలు) ఖర్చులకి పోగా, మిగిలిన దాంతో ఆఫీసుకి ఒక జిరాక్స్ మిషన్ కొన్నారు. కోర్వర్ ఆ తర్వాత 17 సీజన్లు ఆడి 2,450 త్రీలు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడు.

నెట్స్‌వాళ్లకి అతని గురి సంగతి తెలియక కాదు. కాలేజ్ బాస్కెట్‌బాల్ చూసే ప్రతివాడికీ తెలుసు. కాళ్లు నెమ్మది, డిఫెన్స్‌లో నిలబడలేడు అన్న అనుమానమే అతన్ని 51 దాకా దించింది. ఆ అనుమానం ఎంత బరువైనదో ఎవరూ తూచి చూడలేదు, అంతే.

సంత ముగిసే వేళకి వెళ్లి కూరగాయలు కొన్నవాళ్లకి ఈ పని కొత్త కాదు. పొద్దున్నే వెళ్తే ఏది బాగుందా అని చూస్తాం. సాయంత్రం వెళ్తే బుట్ట అడుగున ఉన్నది ఎందుకు మిగిలిందా అని చూస్తాం. పుచ్చు ఉందా, లేక వంకర తిరిగిందని జనం పక్కన పెట్టారా? వంకర వంకాయ కూరకి పనికొస్తుంది, పుచ్చు వంకాయ రాదు. డ్రాఫ్ట్‌లో 28 నుంచి 60 దాకా చేయాల్సిన పని మొత్తం ఇదే. మీరు ఇంట్లో కూర్చుని సొంత జాబితా రాసుకునే అభిమాని అయినా, పిల్లలకి కోచింగ్ ఇస్తూ కుర్రాళ్లని అంచనా వేయడం నేర్చుకోవాలనుకున్నా, నేను ఏళ్ల తరబడి పాటిస్తున్న పద్ధతి ఇది. దీనికి ఒక నోటు పుస్తకం కావాలి, ఓపిక కావాలి. డ్రాఫ్ట్ మనకి తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది కాబట్టి టీ కూడా కావాలి.

ముందు బేరం నియమాలు తెలుసుకోండి

30 జట్లు, రెండు రౌండ్లు, లెక్క ప్రకారం 60 పిక్‌లు. నిబంధనలు తప్పిన జట్ల పిక్‌లు రద్దయి కొన్నేళ్లు 58 లేదా 59తోనే ముగిసింది. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడికి జీతం పట్టిక ప్రకారం ఉంటుంది, మొదటి రెండేళ్లు గ్యారంటీ. రెండో రౌండ్‌కి అలాంటి పట్టిక లేదు, ఏది కుదిరితే అది. లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2023 ఒప్పందం వచ్చాక రెండో రౌండ్ కుర్రాళ్లకి మూడు, నాలుగేళ్ల కాంట్రాక్ట్ ఇవ్వడం జట్లకి తేలికైంది. అదీ కాకపోతే టూ-వే కాంట్రాక్ట్ ఉంది. జట్టుకి ముగ్గురు టూ-వే ఆటగాళ్లు, వాళ్లు ఎన్‌బీఏ సీజన్‌లో గరిష్ఠంగా 50 మ్యాచ్‌లకి అందుబాటులో ఉండొచ్చు, మిగతా కాలమంతా ఎన్‌బీఏకి అనుబంధంగా ఉండే చిన్న లీగ్, జీ లీగ్‌లో ఆడతారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆఖరి పిక్ తప్పినా జట్టు మునిగిపోదు. అందుకని భద్రంగా ఆడాల్సిన పని లేదు. అదే సమయంలో కుర్రాడికి దొరికే ఓపిక కూడా తక్కువే. మూడో పిక్‌గా వచ్చినవాడు రెండేళ్లు తడబడినా జట్టు మోస్తుంది. 47వ పిక్‌గా వచ్చినవాడు మొదటి శీతాకాలానికే ఏదో ఒకటి చూపించాలి. అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడికంటే, ఒక్క పని గట్టిగా వచ్చినవాడు ఇక్కడ ఎక్కువకాలం బతుకుతాడు.

ఈమధ్య సరుకే మారింది, అది కూడా గుర్తుంచుకోండి. 2021 నుంచి కాలేజ్ ఆటగాళ్లు తమ పేరు మీద (ప్రకటనల వంటివాటితో) డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. దాంతో రెండో రౌండ్‌లో పోతానేమో అని భయమున్న 19 ఏళ్ల కుర్రాడు ఇంకో ఏడాది కాలేజ్‌లోనే ఉండిపోతున్నాడు. జాబితా అడుగున 22, 23 ఏళ్లవాళ్లు పెరిగారు. ‘కుర్రవాడైతే చాలు, తీసేసుకో’ అన్న పాత సూత్రం పట్టుకుంటే ఎంచడానికి మీకు మనుషులే మిగలరు.

ఒక్క వాక్యం రాయండి: ఎందుకు మిగిలాడు?

ప్రతి పేరుకీ ఒక పేజీ కేటాయించండి. పైన పేరు, వయసు, ఎత్తు. దాని కింద, ఇంకేమీ రాయకముందే, అతను మొదటి 25లో ఎందుకు లేడో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ కుర్రాడి గురించి మీకింకా తెలియదన్నట్టే.

ఇప్పుడు ఆ కారణాన్ని బెండకాయ కొన విరిచి చూసినట్టు విరిచి చూడాలి. అది మూడు రకాల్లో ఏదో ఒకటి అవుతుంది. నిజంగానే ఆటని ఆపేసే లోపం. నేర్పితే పోయే లోపం. మన కంటికి అలవాటైన ఆకారంలో లేకపోవడం వల్ల లోపంలా కనిపించేది.

మూడో రకంలోనే డబ్బులున్నాయి. 2012లో డ్రేమండ్ గ్రీన్ మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి వచ్చాడు. పెద్దవాళ్లని కాయడానికి పొట్టి, చిన్నవాళ్లని కాయడానికి నెమ్మది అన్నారు. 35వ పిక్‌గా గోల్డెన్ స్టేట్‌కి వెళ్లి 2017లో లీగ్‌లోకెల్లా ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. 6 అడుగుల 6 అంగుళాల మనిషికి చేతులు చాస్తే 7 అడుగుల పైన పొడవుందని అందరూ కొలిచారు. ఆ మాట పక్కన రాసుకుని ‘పొట్టి’ అన్న మాటని కొట్టేసినవాళ్లు తక్కువ. 2014లో 41వ పిక్‌గా పోయిన నికోలా యోకిచ్ ఎగరలేడు, ఒళ్లు కాస్త లావు. డెన్వర్ అతన్ని ఎంచినప్పుడు అమెరికన్ టీవీలో టాకో బెల్ ప్రకటన నడుస్తోంది, పేరు కింద స్క్రోల్‌లో వెళ్లిపోయింది. తర్వాత మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు. జేలెన్ బ్రన్సన్ విలనోవాలో 2016, 2018లో రెండు జాతీయ టైటిళ్లు గెలిచాడు, 2018లో దేశంలో ఉత్తమ కాలేజ్ ఆటగాడు కూడా. అయినా 33వ పిక్. కారణం: ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, చురుకుదనం మామూలు. అతని పాదాల పని, భుజం అడ్డం పెట్టి చోటు తెచ్చుకునే నేర్పు మాత్రం అప్పుడే తెరమీద ఉన్నాయి.

రెండో రకానికి పాస్కల్ సియాకమ్‌ని చూడండి. కామెరూన్‌లో పెరిగాడు, పదిహేడు దాటాకే బంతి గట్టిగా పట్టాడు. 2016లో 27వ పిక్. అతని లోపాలు ఆలస్యంగా మొదలుపెట్టినవాడి లోపాలు. ఆరేళ్ల వయసు నుంచి ఆడుతున్నవాడిలో అవే లోపాలు కనిపిస్తే వేరే సంగతి. ఎన్నేళ్లుగా ఆడుతున్నాడు అన్నది పుట్టిన తేదీ పక్కనే రాసుకోండి.

మొదటి రకం గురించి మనవాళ్లకి తెలిసిన ఉదాహరణే ఉంది. పంజాబ్‌లోని బల్లో కే అనే ఊరి నుంచి వెళ్లిన సత్నామ్ సింగ్‌ని 2015లో డల్లాస్ 52వ పిక్‌గా తీసుకుంది. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటి ఆటగాడు. 7 అడుగుల 2 అంగుళాలు. మనసు ఎంత పొంగినా పేజీలో రాయాల్సింది రాయాలి: సరిగ్గా అదే కాలంలో ఎన్‌బీఏ సెంటర్లు (బుట్ట దగ్గర ఆడే పొడుగువాళ్లు) బయటికొచ్చి త్రీలు వేయడం, పిక్ అండ్ రోల్‌లో (ఒకడు అడ్డు నిలిచి బంతి ఉన్నవాడికి దారి చేసే ఎత్తుగడ) బంతి నడిపే గార్డుల వెంట పరుగెత్తడం మొదలుపెట్టారు. ఎత్తు సరిపోయింది, కాళ్ల వేగం సరిపోలేదు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ అధ్యాయం ముగిసింది. ఏ కారణానికి మనం ఒకడిని ఎంచుతున్నామో, ఆ కారణం వచ్చే ఐదేళ్లు చెల్లుతుందా అని కూడా అడగాలి.

అంకెలు: ఏవి నమ్మాలి, ఏవి తోసేయాలి

మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు అన్న అంకెని మొదట కాగితంతో కప్పేయండి. నేను నిజంగానే కప్పేస్తాను. అది ఎన్ని నిమిషాలు ఆడాడు, కోచ్ ఎన్ని షాట్లు వేయనిచ్చాడు అన్నదాన్నే ఎక్కువ చెప్తుంది. కాలేజ్ మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏది 48. అందుకే అన్నింటినీ 40 నిమిషాలకి లెక్కగట్టుకుని పక్కపక్కన పెట్టండి. యూరప్ కుర్రాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. పెద్దవాళ్ల జట్టులో 12 నిమిషాలే దొరికే 19 ఏళ్లవాడు మామూలు పట్టికలో పనికిరానివాడిలా కనిపిస్తాడు.

షూటింగ్ దగ్గర ఎక్కువమంది మోసపోతారు, కాబట్టి కాస్త ఆగుదాం. కాలేజ్ సీజన్ సుమారు 30 నుంచి 35 మ్యాచ్‌లు. ఒక కుర్రాడు ఏడాదిలో 100 త్రీలు ప్రయత్నించాడనుకోండి. అతని అసలు స్థాయి 35 శాతం అయితే, కేవలం అదృష్టం అటూ ఇటూ ఊగడం వల్లే ఆ ఏడాది 30 రావచ్చు, 40 రావచ్చు. 40 వస్తే గురిగాడు అంటాం, 30 వస్తే షాట్ లేదంటాం. ఇద్దరూ ఒకడే! పైగా కాలేజ్ గీత 22 అడుగుల 1.75 అంగుళాల దగ్గరుంటే, ఎన్‌బీఏ గీత మూలల్లో 22, మిగతా చోట్ల 23 అడుగుల 9 అంగుళాలు.

మరి ఏం చూడాలి? మూడు చూడండి. ఫ్రీ త్రో (ఫౌల్ అయితే దొరికే ఉచిత షాట్) శాతం మొదటిది. అక్కడ ఎవరూ అడ్డు ఉండరు, దూరం మారదు, చేతి వాటం ఏమిటో తెలిసిపోతుంది. త్రీలు 31 శాతం, ఫ్రీ త్రోలు 85 శాతం ఉన్నవాడి మీద నేను ఆశ పెట్టుకుంటాను. త్రీలు 39, ఫ్రీ త్రోలు 62 అయితే అనుమానిస్తాను. రెండోది ఎన్ని ప్రయత్నించాడన్నది. చేతిలో షాట్ ఉన్నవాడు వేయడానికి భయపడడు, కోచ్ కూడా ఆపడు. మూడోది అన్ని ఏళ్లూ కలిపిన లెక్క. డెస్మండ్ బేన్ టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ)లో నాలుగేళ్లు ఆడి త్రీలలో మొత్తం మీద 43 శాతం వేశాడు. అంత పెద్ద లెక్క అబద్ధం చెప్పదు. అయినా 2020లో 30వ పిక్ దాకా ఉన్నాడు, ఎందుకంటే నాలుగేళ్ల సీనియర్, పైగా చేతులు పొట్టి.

షూటింగ్ తర్వాత నేను చూసేది స్టీల్స్ (బంతి లాక్కోవడం), బ్లాక్స్ (షాట్‌ని అడ్డుకోవడం). ఇవి డిఫెన్స్ నాణ్యతకి నేరుగా కొలత కాదు, తన మనిషిని వదిలేసి బంతి మీదకి దూకే జూదగాళ్లకి కూడా స్టీల్స్ వస్తాయి. కానీ చేతుల వేగం, ముందుగా పసిగట్టడం రెండూ లేకుండా ఏళ్ల తరబడి అవి రావు. రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) చిన్న లీగ్ నుంచి పెద్ద లీగ్‌కి బాగానే బదిలీ అవుతాయి. పాల్ మిల్‌శాప్ లూజియానా టెక్‌లో వరుసగా మూడేళ్లు దేశంలోనే రీబౌండ్లలో మొదటివాడు. 2006లో 47వ పిక్‌గా వచ్చి, తర్వాత నాలుగుసార్లు ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక). చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజ్ జట్ల గుంపులో) వచ్చిన పాయింట్లని తగ్గించి చూడండి, రీబౌండ్లని మాత్రం అంతగా తగ్గించకండి. ఇక గార్డులైతే అసిస్ట్‌లు (బుట్టలో పడ్డ షాట్‌కి ఇచ్చిన పాస్‌లు), టర్నోవర్ల (పోగొట్టుకున్న బంతుల) నిష్పత్తి. రెండు నిమిషాల పని, దాని మీద సాగదీయడం అనవసరం.

ప్రతి అంకె పక్కనా వయసు రాయడం మరిచిపోవద్దు. 19 ఏళ్లవాడి మీద 23 ఏళ్లవాడు గెలవడం గొప్ప కాదు.

వీడియో: బంతి లేనప్పుడు చూడండి

ఒకప్పుడు నేను నాలుగు నిమిషాల హైలైట్ చూసి ఒక స్కోరర్‌ని నా జాబితాలో ఇరవయ్యోవాడిగా పెట్టాను. డ్రాఫ్ట్ అయ్యాక తీరిగ్గా ఒక పూర్తి మ్యాచ్ చూస్తే, షాట్ తప్పిన ప్రతిసారీ రెఫరీ వైపు చేతులు చాచి నిలబడ్డాడు. అతను కాయాల్సినవాడు అవతల ఒంటరిగా బుట్ట దాకా వెళ్లి తేలిక షాట్ (లేఅప్) వేసుకున్నాడు. ఒక్క మ్యాచ్‌లో అలా నాలుగుసార్లు. హైలైట్‌లో ఆ నాలుగూ ఉండవు కదా.

అప్పటి నుంచి ఒక్కొక్కరికి మూడు పూర్తి మ్యాచ్‌లు. తనకంటే బలమైన జట్టుతో ఒకటి, బయట ఊళ్లో ఓడిపోయినది ఒకటి, ఏ విశేషమూ లేని మంగళవారం మ్యాచ్ ఒకటి. ఆ మూడోదే అన్నిటికంటే ఎక్కువ చెప్తుంది.

మొదటిసారి బంతిని చూడకుండా అతన్నే చూడండి. కష్టంగా ఉంటుంది, కళ్లు బంతి వెంటే పోతాయి. షూటర్ వైపు పరుగెత్తుకెళ్లినప్పుడు చివర్లో చిన్న అడుగులు వేసి ఆగుతున్నాడా, ఎగిరి పక్కకి పోతున్నాడా? బాక్సౌట్ చేస్తున్నాడా (రీబౌండ్ కోసం ఎదుటివాడిని వీపుతో అడ్డుకుంటున్నాడా), లేక బంతి ఎటు పడుతుందో చూస్తూ నిలబడ్డాడా? నోరు తెరిచి తోటివాళ్లకి చెప్తున్నాడా? బంతి అందుకున్నాక నిర్ణయానికి ఎంతసేపు పడుతోంది? చివరి ప్రశ్నకి నేను వేళ్ల మీద లెక్కపెడతాను. రెండు దాటితే ఎన్‌బీఏలో ఆ సందు మూసుకుపోతుంది.

రెండోసారి, అక్కడ అతనికి ఏ పని దొరుకుతుందో ఊహించుకుని చూడండి. కాలేజ్‌లో బంతి ఎప్పుడూ తన చేతిలోనే ఉన్న 20 పాయింట్లవాడికి, ఎన్‌బీఏలో మూలన నిలబడి రాని బంతి కోసం ఎదురుచూసే ఉద్యోగం ఇస్తారు. కొందరికి ఆ ఉద్యోగం చేతకాదు, కొందరికి ఇష్టముండదు. అందుకే అతను బంతి లేకుండా కట్ చేసినవి (బుట్ట వైపు దూసుకెళ్లినవి), పాదాలు కుదురుకుని వేసిన త్రీలు, స్క్రీన్ పెట్టినవి (తోటివాడి కోసం అడ్డు నిలిచినవి) మాత్రం విడిగా రాసుకోండి. ఆ ఖాతా ఖాళీగా ఉంటే, ఎంత గొప్ప స్కోరర్ అయినా నా దగ్గర పదిహేను స్థానాలు దిగుతాడు. ఈ విషయంలో నాతో గొడవపడే మిత్రులున్నారు. ఐజయా థామస్ 2011లో 60వ పిక్‌గా, 5 అడుగుల 9 అంగుళాలతో వచ్చి 2016-17లో బోస్టన్‌కి మ్యాచ్‌కి 28.9 పాయింట్లు వేయలేదా అంటారు. వేశాడు. అలాంటివాడు మళ్లీ ఎప్పుడొచ్చాడో చెప్పమంటాను.

కొలతలు

మేలో షికాగోలో జరిగే కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని పరీక్షించే శిబిరం) బూట్లు లేకుండా కొలుస్తారు. కాలేజ్ వెబ్‌సైట్‌లో రాసిన ఎత్తుని నమ్మకండి, ఒక అంగుళం అటక మీద దాచిన వెన్నలా కరిగిపోతుంది. ఎత్తుకంటే చేతులు చాచిన పొడవు, నిలబడి చెయ్యి పైకెత్తితే అందే ఎత్తు చూడండి. 2013లో 27వ పిక్‌గా పోయిన రూడీ గోబేర్ చేతుల పొడవు 7 అడుగుల 8 అంగుళాల పైమాటే. తర్వాత ఉత్తమ డిఫెండర్ బహుమతి నాలుగుసార్లు తీసుకున్నాడు. ఎగిరే ఎత్తు, పరుగు సమయం లాంటివి నేను ఓసారి చూసి పక్కన పెడతాను.

గాయాల సంగతి మన చేతిలో లేదు. డాక్టర్ల నివేదికలు జట్లకే వెళ్తాయి. డ్రాఫ్ట్ రాత్రి ఒక పేరు ఉన్నట్టుండి ఇరవై స్థానాలు జారితే, వెంటనే మంచి సరుకు చవగ్గా దొరికిందని సంబరపడకండి.

జాబితా 60 దగ్గర ఆపకండి

2025లో టైటిల్ గెలిచిన ఓక్లహోమా సిటీ జట్టుని తీసుకోండి. ఆరన్ విగ్గిన్స్ 2021లో 55వ పిక్. ఐజయా హార్టెన్‌స్టైన్ 2017లో 43వ పిక్, హ్యూస్టన్ తీసుకుంది. ఐజయా జో 2020లో 49వ పిక్, ఫిలడెల్ఫియా తీసుకుని రెండేళ్లకి వదిలేస్తే వీళ్లు చేరదీశారు. లూ డోర్ట్, అలెక్స్ కరూసో ఇద్దరినీ అసలు ఎవరూ డ్రాఫ్ట్‌లో తీసుకోలేదు. ఫైనల్స్‌లో ఆడిన మనుషుల్లో ఇంతమంది సంత అడుగున దొరికినవాళ్లే. ఇందులో సొంతంగా డ్రాఫ్ట్ చేసింది విగ్గిన్స్‌ని ఒక్కడినే అని గమనించండి. హార్టెన్‌స్టైన్ ఐదు జట్లు తిరిగి, ఏడేళ్ల తర్వాత ఇక్కడికి వచ్చాడు. పెద్ద సెంటర్లు ఆలస్యంగా పండుతారు. వాళ్లని మొదట ఎంచినవాడికంటే, నాలుగో ఏట ఏరుకున్నవాడికి ఎక్కువ లాభం.

అందుకే నా జాబితాలో 90 పేర్లుంటాయి. కొందరు రెండో రౌండ్ చివర్లో పోవడంకంటే, ఎవరూ తీసుకోకపోతే తమకి నచ్చిన జట్టు ఎంచుకోవచ్చని ఆగుతారు. 2021లో ఆస్టిన్ రీవ్స్ అలాగే లేకర్స్‌కి వెళ్లాడు. 55 దాటాక డ్రాఫ్ట్ అవ్వకపోవడం తక్కువతనం కాదు.

ఒకటి నుంచి తొంభై దాకా వరుస సంఖ్యలు వేయకండి. 44వవాడు 45వవాడికంటే మేలని నిజంగా చెప్పగల మొనగాడు లేడు. నాలుగు మెట్లు చేసి, ఒక్కో మెట్టులో పేర్లు పెట్టండి. మీ పిక్ వచ్చేసరికి పై మెట్టులో ఎవరైనా మిగిలుంటే, ఏ స్థానంలో ఆడతాడని చూడకుండా తీసుకోండి. అందరూ ఒకే మెట్టులో ఉంటే అప్పుడు జట్టు అవసరం చూడండి. పదిహేను చోట్లూ నిండిన జట్టైతే విదేశీ కుర్రాడిని తీసుకుని అక్కడే పెరగనివ్వొచ్చు. మాను జినోబిలిని శాన్ ఆంటోనియో 1999లో 57వ పిక్‌గా తీసుకుంది, అతను వచ్చింది 2002లో. మూడేళ్లు ఇటలీలో వేరేవాళ్ల జీతంతో ముదిరాడు. తర్వాత నాలుగు టైటిళ్లు.

తర్వాత పని

జులైలో లాస్ వేగస్ సమ్మర్ లీగ్ చూసి మీ పేజీలు మార్చకండి. అక్కడ జట్టుగా ఆడటం తక్కువ, ఉద్యోగం కోసం ఆడటం ఎక్కువ. మీరు రాసిన ఒక్క వాక్యం, అంటే ఎందుకు మిగిలాడన్నది, రెండేళ్ల తర్వాత తీసి చూడండి. నిజమైందా, పోయిందా అన్నది వేరే రంగు పెన్నుతో పక్కన రాయండి. పాతది కొట్టేయకూడదు.

నా 2021 పుస్తకంలో అలబామా కుర్రాడు హెర్బ్ జోన్స్ పేజీలో నీలం ఇంకుతో ఇలా ఉంది: ‘ఎవరినైనా కాయగలడు. షాట్ లేదు, రాదు.’ 35వ పిక్‌గా న్యూ ఆర్లీన్స్‌కి వెళ్లాడు. పక్కన ఎర్ర ఇంకుతో 2024లో రాసింది: ‘ఆల్-డిఫెన్సివ్ (ఆ ఏటి మేటి డిఫెండర్లు) మొదటి జట్టు. త్రీలు దాదాపు 42 శాతం.’ ‘రాదు’ అన్న మాట చుట్టూ రెండు గీతలు గీసి ఉన్నాయి.